మంత్రాలయం రాఘవేంద్రస్వామి కథలో ఏది ఎవరు చెప్పింది

ఏటా శ్రావణంలో ఆరాధన దగ్గరపడగానే వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. కుంపిణీ కాలపు తెల్లదొర కలెక్టరు సర్ థామస్ మన్రో మంత్రాలయం వచ్చాడని, బూట్లు విప్పి బృందావనం, అంటే తులసికోట రూపంలో కట్టిన స్వామి సమాధి, ముందు నిలబడ్డాడని, 1671లోనే బృందావనంలోకి వెళ్ళిపోయిన స్వామి నూటముప్పై ఏళ్ళ తర్వాత అతనికి కనిపించి మాట్లాడాడని, ఇదంతా ‘మద్రాసు ప్రభుత్వ గెజిట్‌లో నమోదైంది’ అని. కింద పేజీ నంబరు కూడా ఇస్తారు, 213 అని. నమ్మేవాళ్ళకు ఆ నంబరు చాలు. నమ్మనివాళ్ళకు నవ్వుకోవడానికీ అదే చాలు. ఆ పేజీ తీసి చదివేవాళ్ళు మాత్రం రెండు పక్కలా తక్కువే.

అది గెజిట్ కాదు, గెజిటీరు. తేడా చిన్నది కాదు. గెజిట్ అంటే ఉత్తర్వులూ నియామకాలూ అచ్చేసే సర్కారు పత్రిక. అందులో పడిందంటే ప్రభుత్వం ముద్ర పడినట్టే. గెజిటీరు ఒక జిల్లా సమాచారమంతా ఒకచోట చేర్చిన పుస్తకం. నేల ఎట్లాంటిది, ఏ పంట పండుతుంది, ఏ ఊళ్ళో ఏ జాతర, ఆ గుడి గురించి జనం ఏమనుకుంటారు, అన్నీ ఉంటాయి. ఈ కథ ఉన్నది డబ్ల్యు. ఫ్రాన్సిస్ అనే అధికారి తయారుచేసిన 1904 నాటి బళ్ళారి జిల్లా గెజిటీరులో, ఆదోని తాలూకా భాగంలో. కర్నూలు గెజిటీరులో వెతికి లేదని వదిలేసినవాళ్ళు ఉంటే వాళ్ళ తప్పేం లేదు. ఆదోని, ఆలూరు తాలూకాలు అప్పుడు బళ్ళారివి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే అవి కర్నూలు జిల్లాలో కలిశాయి.

ఫ్రాన్సిస్ ఆ కథను ఎట్లా రాశాడన్నది ముఖ్యం. జరిగిందని రాయలేదు, ఈ ఊరి గురించి ఇట్లా ఒక వింత కథ చెప్పుకుంటారని రాశాడు. మఠం ఇనాము, అంటే దానంగా వచ్చిన భూమి, రద్దు చేయాలా వద్దా అని విచారించడానికి మన్రో వస్తాడు. టోపీ, బూట్లు తీసి లోపలికి పోతాడు. స్వామి కనిపిస్తాడు, ఇద్దరూ ఇనాము సంగతి మాట్లాడుకుంటారు. పక్కన ఉన్నవాళ్ళకు స్వామి కనిపించడు, మాట వినిపించదు. మరి మన్రోకు ఎట్లా కనిపించాడంటే, జనం దృష్టిలో మన్రో కూడా సగం దేవుడే. గుడారానికి తిరిగిపోయి రద్దు ప్రతిపాదన కొట్టేస్తాడు. ఇచ్చిన మంత్రాక్షతలను ఆ పూట తన వంటలో వేయమంటాడు. గెజిటీరులో ఉన్నది ఇంతే. మన్రో మీద పడిన ఆ ‘సగం దేవుడు’ అన్న మాట వాట్సాప్‌కు వచ్చేసరికి రాలిపోయింది. నిజానికి కథకు కీలకం అదే.

ఎందుకంటే రాయలసీమలో మన్రో మీద కథ ఇదొక్కటే కాదు. నిజాం ఈ జిల్లాలను 1800లో ఈస్టిండియా కుంపిణీకి వదిలేశాక 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరు అతనే. గవర్నరుగా తిరిగొచ్చి, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. కడప జిల్లా గండిలో, పాపఘ్ని కొండలు చీల్చుకుని వచ్చే చోట, ఆంజనేయస్వామి గుడి దగ్గర రెండు కొండల మధ్య బంగారు తోరణం అతనికి కనిపించిందనీ, అది కనిపించినవాళ్ళు ఎక్కువ కాలం బతకరనీ చెప్తారు. అక్కడా అంతే, పక్కవాళ్ళకు తోరణం కనపడదు. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్న నేల ఇది. ఆ రోజుల్లో ప్రతి గుడికీ, మఠానికీ, అగ్రహారానికీ ఒకటే గుబులు, కొత్త దొరతనం మన ఇనాము ఉంచుతుందా, ఊడబెరుకుతుందా అని. మంత్రాలయం కథ ఆ గుబులుకు దొరికిన జవాబు. మఠం భూమి నిలబడింది. అది నిలబెట్టింది దొర దయ కాదు, స్వామి మాట అని చెప్పుకోవడంలో ఊరి పౌరుషం కూడా కొంత ఉంది.

కాబట్టి 213వ పేజీ సాక్ష్యం చెప్పేది ఒక్కదానికే. 1904 నాటికి ఈ కథ ఆదోని తాలూకాలో జనం నోట నానుతూ ఉంది. అంతకు మించి ఆ పేజీ మీద బరువు వేస్తే అది మోయలేదు.

స్వామి జీవితం మొత్తం ఇట్లాగే పొరలుపొరలుగా ఉంటుంది. ఒక్కో పొర ఒక్కో కాలంలో, ఒక్కొక్కరి నోట పుట్టింది. అన్నిటినీ ఒకే వరసలో పేర్చి ‘చరిత్ర’ అనేసరికి చిక్కు పడుతుంది.

మేనల్లుడి కావ్యం

అన్నిటికన్నా అడుగున ఉన్న పొర రాఘవేంద్ర విజయం అనే సంస్కృత కావ్యం. రాసింది నారాయణాచార్యులు, స్వామి అక్క వెంకటాంబ కొడుకు. అంటే ఇంటి మనిషి, కళ్ళారా చూసినవాడు. కావ్యం కాబట్టి అలంకారాలకు లోటు లేదు, రుతువర్ణనలూ ఉంటాయి. వాటి మధ్య నుంచి మనిషి బతుకు స్పష్టంగానే బయటపడుతుంది.

అసలు పేరు వేంకటనాథుడు. పుట్టింది ఇప్పటి తమిళనాడు భువనగిరిలో. తండ్రి తిమ్మణ్ణభట్టు, తల్లి గోపికాంబ. ముత్తాత కృష్ణభట్టు విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయలకు వీణ నేర్పినవాడని చెప్తారు. 1565లో విజయనగరం కూలాక ఆ ఆస్థానం మీద ఆధారపడిన విద్వాంసుల కుటుంబాలు దక్షిణానికి, నాయకరాజుల నీడకు జరిగిపోయాయి. ఈ కుటుంబమూ అందులో ఒకటి. చిన్నప్పటి చదువు మదురైలో బావ లక్ష్మీనరసింహాచార్యుల దగ్గర. పెద్ద చదువు కుంభకోణంలో సుధీంద్రతీర్థుల మఠంలో. భార్య సరస్వతి, కొడుకు లక్ష్మీనారాయణ.

ఈ కావ్యంలో మనసును పట్టే భాగం పేదరికం. పాఠం చెప్పి డబ్బు అడగని మనిషి ఇల్లు ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది, పస్తులు, చిరిగిన బట్టలు, ఇంట్లో కాస్తో కూస్తో ఉన్నవీ దొంగల పాలవడం. మేనమామను మహిమగా చూపించాలనుకునే మేనల్లుడు ఇవి దాచొచ్చు. దాచలేదు. తంజావూరులో రఘునాథ నాయకుడి ఆస్థానం వెలుగుతున్న కాలంలోనే ఈ ఇంట్లో పొయ్యి వెలగని రోజులు ఉన్నాయి.

గురువు సుధీంద్రులు పీఠం తీసుకోమన్నప్పుడు వేంకటనాథుడు వెంటనే ఒప్పుకోలేదు. చిన్న వయసు భార్య, ఇంకా ఉపనయనం కాని కొడుకు. చదువుల తల్లి కలలో కనిపించి, నువ్వు కాదంటే నా గతేమిటని అడిగిందన్న ఘట్టం ఇక్కడే వస్తుంది. కొడుక్కి ఒడుగు చేసి, 1621–22లో తంజావూరులో సన్యాసం తీసుకున్నాడు, రాఘవేంద్రతీర్థుడయ్యాడు. సుధీంద్రుల బృందావనం మాత్రం ఆనెగుంది దగ్గర తుంగభద్ర మధ్య ఉన్న నవబృందావనంలో ఉంది.

మేనల్లుడి కావ్యం స్వామి బతికి ఉండగా రాసింది. అందుకే బృందావన ప్రవేశం అందులో లేదు. మంత్రాలయం అనగానే మనకు గుర్తొచ్చే సగం ఘట్టాలకు దగ్గరి బంధువు సాక్ష్యం ఎందుకు లేదంటే, ఆయన కలం అప్పటికే ఆగిపోయింది కాబట్టి. భార్య సరస్వతి బావిలో పడి ప్రాణం తీసుకుని ప్రేతమైందని, స్వామి కమండలం నీళ్ళు చల్లి విముక్తి ఇచ్చాడనీ చెప్పే కథ, గంధం తీస్తూ అగ్నిసూక్తం చదివితే పూసుకున్నవాళ్ళ ఒళ్ళు మండిందనే కథ, ఇవన్నీ వినేవాళ్ళ మనసులో బలంగా నాటుకున్నవే. అయితే ఇవి చెప్పుకుంటూ పోగా పెరిగిన పొరకు చెందినవి. గంధం కథ ఒక్కటి గమనించండి. పేదవాణ్ణి సంతర్పణకు వచ్చినందుకు పనిలో పెట్టిన ఇల్లది. ఆ అవమానానికి మంత్రం జవాబు చెప్పింది. పేదరికం కావ్యం నుంచి వచ్చింది, ఆ జవాబు జనం నుంచి వచ్చింది.

ఏడాది తేడా ఎక్కడిది

స్వామి పుట్టిన ఏడు ఒక పుస్తకంలో 1595, ఇంకో దాంట్లో 1598, మరోచోట 1601. ఎక్కువమంది ఒప్పుకునేది మన్మథ నామ సంవత్సరం, ఫాల్గుణ శుద్ధ సప్తమి. దీన్ని ఇంగ్లీషు ఏడుకు మార్చేటప్పుడు అందరూ ఒక చోట జారుతారు. మన్మథ ఉగాది వచ్చింది 1595లో, శక సంవత్సరం 1517. ఫాల్గుణం మన సంవత్సరంలో చివరి నెల. అంటే అది ఫిబ్రవరి, మార్చి ప్రాంతం, అప్పటికి ఇంగ్లీషు ఏడు మారి 1596 వచ్చేసింది. శక సంవత్సరానికి 78 కలిపి ఊరుకుంటే 1595 వస్తుంది. పుష్యం నుంచి ఫాల్గుణం దాకా ఉన్న తిథులకు 79 కలపాల్సి రావచ్చు. పట్టాభిషేకం కూడా ఫాల్గుణ శుద్ధ విదియే, దుర్మతి నామ సంవత్సరం. అందరూ 1621 అంటారు, లెక్క కడితే 1622 తొలి నెలలు. బృందావన ప్రవేశానికి ఈ పేచీ లేదు. విరోధికృత్ నామ సంవత్సరం శ్రావణ బహుళ విదియ, 1671 ఆగస్టు. అంటే మన్మథ లెక్కన స్వామి వయసు అప్పటికి 75, పీఠం మీద ఉన్నది దాదాపు 50 ఏళ్ళు.

ఆదోని నవాబు, మంచాల ఊరు

మంత్రాలయం అసలు పేరు మంచాల. గ్రామదేవత మంచాలమ్మ ఇప్పటికీ మఠం లోపలే ఉంది. ముందు ఆమెకు దండం పెట్టి తర్వాత స్వామి దగ్గరికి పోవడం ఆచారం. ఊరి తల్లి అనుమతితో స్వామి అక్కడ కూర్చున్నాడన్నది ఆ వరసలోని అర్థం. వేదాంతం ఎంత పెద్దదైనా ఊళ్ళోకి రావాలంటే పొలిమేర దేవతను దాటుకునే రావాలి.

ఆ కాలంలో ఆదోని బిజాపూరు సుల్తానుల కింద ఉంది. ఏలుతున్నది సిద్దీ మసూద్ ఖాన్. ఆదోనిలో షాహీ జామియా మసీదు కట్టించింది అతనేనని చెప్తారు. అతని దివాను వెంకన్నపంతులు. ఈ వెంకన్న గురించి చెప్పే కథలో అతను చదువురాని పశువులకాపరి. దారిన పోతున్న నవాబు ఒక ఉత్తరం చదవమంటాడు, రాకపోతే తల తీస్తానంటాడు. వెంకన్న స్వామిని తలుచుకుంటాడు, అక్షరాలు వాటంతటవే పలుకుతాయి, ఉత్తరంలో ఉన్నది శుభవార్త. అక్కణ్ణుంచి దివానుగిరీ. నవాబుది ఇంకో కథ. స్వామిని పరీక్షించాలని పళ్ళెంలో మాంసం పెట్టి గుడ్డ కప్పి తెస్తాడు. స్వామి నీళ్ళు చల్లి గుడ్డ తీయమంటే పూలూ పళ్ళూ ఉంటాయి. కళ్ళు తెరుచుకున్న నవాబు సారవంతమైన ఊరేదైనా కోరుకోమంటే, స్వామి ఎందుకూ పనికిరాని మంచాలే కావాలంటాడు, అది కృతయుగంలో ప్రహ్లాదుడు యాగం చేసిన చోటు కాబట్టి.

మాంసం పూలయిపోవడం దక్కనులో ఒక్క రాఘవేంద్రుల మీదనే ఉన్న కథ కాదు. తురక ప్రభువూ హిందూ సాధువూ ఎదురుపడిన చోటల్లా ఏదో ఒక రూపంలో వినిపిస్తుంది. కథలను పక్కన పెడితే మిగిలేది గట్టిదే. సుల్తానుల తరఫు పాలకుడు మధ్వాచార్యుల ద్వైతమతానికి చెందిన ఒక సన్యాసికి ఊరు ఇచ్చాడు, మధ్యలో నిలబడింది దివాను. గెజిటీరు ఈ భూమిని దివాను వెంకన్న ఇప్పించిందంటుంది, మఠం నవాబు ఇచ్చిందంటుంది. ఇవి రెండూ కొట్టుకోవు. నవాబు ముద్ర లేకుండా భూమి రాదు, దివాను చెయ్యి పడకుండా ముద్ర పడదు. ఇనాము ఎట్లా పుడుతుందో తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు.

ప్రహ్లాదుడి సంగతి ఇంకో పొర. మధ్వ సంప్రదాయంలో స్వామిని శంకుకర్ణుడు, ప్రహ్లాదుడు, బాహ్లీకుడు, వ్యాసరాయలు అన్న వరసలో తర్వాతి జన్మగా చెప్తారు. వ్యాసరాయలు (మరణం 1539) నవబృందావనంలో ఉన్నాడు. వీళ్ళిద్దరిదీ మధ్వ సంప్రదాయమే, మఠాలు మాత్రం వేరు. ఈ నమ్మకాన్ని ఇంటింటికీ చేర్చింది మాత్రం సంస్కృత పండితులు కాదు, కన్నడంలో పాడుకుంటూ తిరిగిన హరిదాసులు. విజయదాసులు 1755లో కన్నుమూసింది మన కర్నూలు జిల్లా చిప్పగిరిలోనే. ఆయన పరంపరలోనే వచ్చిన జగన్నాథదాసులది రాయచూరు పక్క మాన్వి. సీమలో మధ్వుల ఇళ్ళలో కన్నడం ఇంటిభాష కావడం వల్ల ఈ పాటలు తుంగభద్ర ఇటు ఒడ్డుకు అనువాదం లేకుండానే దాటొచ్చాయి. స్వామిని ‘రాయలు’, ‘గురురాయలు’ అనడమూ అట్లా వచ్చిందే, కన్నడ రాయరు నుంచి. కొత్తవాళ్ళు కృష్ణదేవరాయలు అనుకుని తికమకపడుతుంటారు.

ఏడు అక్షరాలు

అన్ని కథల్లోకీ దగ్గరగా పట్టి చూడదగింది స్వామి శిష్యుడు అప్పణాచార్యులది. తుంగభద్ర అవతలి ఒడ్డున బిచ్చాలి ఆయన ఊరు. స్వామి బృందావనంలోకి వెళ్తున్నాడని ఆలస్యంగా తెలుస్తుంది. వచ్చేసరికి నది పొంగి ఉంది. స్తోత్రం అల్లుకుంటూ నీళ్ళలోకి దూకుతాడు, నది దారి ఇస్తుంది. ఇటు చేరేసరికి చివరి రాయి కప్పేశారు. దుఃఖంతో గొంతు పూడుకుపోయి శ్లోకం మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు బృందావనం లోపలి నుంచి మిగిలిన మాట వినిపిస్తుంది, ‘సాక్షీ హయాస్యోఽత్ర హి’ అని. దీనికి గుర్రం ముఖం గల హయగ్రీవుడే సాక్షి అని అర్థం.

నది పొంగడం కల్పన కానక్కరలేదు. శ్రావణ బహుళం అంటే ఆగస్టు. పడమటి కనుమల్లో వానలు పడి తుంగభద్ర నిండుగా పారే రోజులు. ఎగువన డ్యాము లేని 1671లో ఆ నెలలో పుట్టి వేసి దాటడం కూడా ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. డ్యాము ఉన్న కాలంలోనే, 2009 అక్టోబరు వరదలో, నీళ్ళు మఠంలోకి వచ్చేశాయి.

ఇక శ్లోకం. ఛందస్సు శార్దూలవిక్రీడితం, పాదానికి 19 అక్షరాలు. సంస్కృతంలో 12 అక్షరాల తర్వాత విరామం. మనవాళ్ళు 13వ అక్షరానికి యతి కుదిర్చేదీ అక్కడే. అప్పణాచార్యులు ఆగిపోయిన పాదం ‘కీర్తిర్దిగ్విదితా విభూతిరతులా’. లెక్కపెట్టండి, సరిగ్గా 12. లోపలి నుంచి వచ్చిన మాట సా-క్షీ-హ-యా-స్యో-త్ర-హి, సరిగ్గా 7. మ, స, జ, స గణాలు ముందు భాగంలో అయిపోయాయి. త, త, గ ఈ ఏడు అక్షరాల్లో సరిపోయాయి. ఎవరి గొంతైనా ఆగాలంటే ఆ పద్యంలో ఆగడానికి చోటు అదే, ఊపిరి తీసుకునే చోటు. కథ చెప్పినవాళ్ళకు ఛందస్సు బాగా తెలుసు. భక్తులకు ఇది అద్భుతం, ఛందస్సు చదివినవాళ్ళకు కూడా ఇది తక్కువ ముచ్చటేం కాదు.

ఏడు అనే అంకె ఈ కథల్లో ఇంకా వస్తుంది. బృందావనం రాయి దగ్గరి మాధవరం నుంచి తెచ్చిందని, సీతను వెతుకుతూ పోతున్న రాముడు దాని మీద ఏడు గంటలు కూర్చున్నాడని, అందుకే స్వామి 700 ఏళ్ళు అందులో ఉండి భక్తులను చూసుకుంటాడని అంటారు. కొందరు ఏడు గడియలంటారు. గడియ 24 నిమిషాలు కాబట్టి అది మూడు గంటలు కూడా కాదు. 700 మాత్రం ఎవరూ మార్చరు. 1671కి 700 కలిపితే 2371. దివాను వెంకన్న మొదట చేయించిన బృందావనాన్ని స్వామి వద్దన్నాడని, అది తర్వాతి తరం వారికి అక్కరకొస్తుందన్నాడని కూడా చెప్తారు. స్వామి పక్కన ఉన్న రెండో బృందావనం వాదీంద్రతీర్థులది, అదే ఇదని అంటారు.

దేవుడా, గురువా

ఇక అసలు చిక్కు ఇది. గురువారం ఉపవాసం ఉండేవాళ్ళలో చాలామంది రాఘవేంద్రస్వామిని దేవుడిగానే కొలుస్తారు. ఆయన జీవితమంతా నిలబెట్టిన సిద్ధాంతం దానికి ఒప్పుకోదు.

మధ్వాచార్యుల (1238–1317) ద్వైతంలో అయిదు భేదాలు ఎప్పటికీ నిజం. దేవుడికీ జీవుడికీ, దేవుడికీ జడానికీ, జీవుడికీ జీవుడికీ, జీవుడికీ జడానికీ, జడానికీ జడానికీ మధ్య ఉన్న తేడాలు. మోక్షంలో కూడా ఈ గీతలు చెరగవు. జీవుల్లోనూ అంతస్తులున్నాయి, అందరికీ పైన వాయుదేవుడు. అంటే గురువు ఎంత గొప్పవాడైనా జీవుడే. ఆయన తనంతట ఇవ్వడు, ఇప్పిస్తాడు.

ఇది మఠంలో నోటిమాట కాదు, సంకల్పంలోనే ఉంది. ‘శ్రీ రాఘవేంద్ర గుర్వంతర్గత భారతీరమణ ముఖ్యప్రాణాంతర్గత శ్రీ సీతాపతి మూలరామచంద్ర’ అన్న ఆ పొడుగు మాటను గింజ ఒలిచినట్టు ఒలిచి చూడండి. పైన రాఘవేంద్రులు. ఆయన లోపల ముఖ్యప్రాణుడు, భారతీదేవి భర్త అయిన వాయువు. ఆయన లోపల మూలరాముడు, మఠంలో పూజలందుకునే రాముడు. నమస్కారం చివరి మాటకు చేరుతుంది. బృందావనానికి ఎదురుగా ఆంజనేయస్వామి ఉండటంలోనూ, లోపల 1200 లక్ష్మీనారాయణ సాలగ్రామాలు ఉంచారని చెప్పడంలోనూ ఉన్నది ఇదే భావం.

ఇంట్లో పూజ చేసుకునేవాళ్ళు తరచు పొరపడేది ఇక్కడే. వండింది నేరుగా తెచ్చి స్వామి పటం ముందు పెట్టేస్తారు. మఠంలో వరస వేరు. ముందు మూలరాముడికి తులసితో నైవేద్యం. ఆ నైవేద్యమైన అన్నం ముఖ్యప్రాణుడికి. ఆ తర్వాతే బృందావనానికి, దాన్నే హస్తోదకం అంటారు. మాటకు అర్థం చేతిలో పోసే నీళ్ళు, సన్యాసికి భిక్ష పెట్టేటప్పటి మర్యాద. ఇంట్లోనైనా సాలగ్రామానికో, లేకపోతే విష్ణుమూర్తి పటానికో ముందు పెట్టి, అదే స్వామికి చూపిస్తే చాలు. వేరుగా వండక్కర్లేదు. సన్యాసి ఏకాదశి నాడు భోంచేయడు, కాబట్టి ఆ రోజు హస్తోదకం లేదు, మఠంలో అన్నప్రసాదమూ లేదు. తెలియక ఏకాదశి నాడు పిల్లాపాపలతో బయల్దేరి అన్నం దొరకలేదని నొచ్చుకునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. క్యాలెండరు ఒకసారి తిరగేస్తే పోయేది.

సిద్ధాంతం పేరు ఎత్తాక పరిమళం గురించి చెప్పకపోతే తప్పు. బ్రహ్మసూత్రాలు మధ్వుల లెక్కలో 564. వాటి మీద మధ్వాచార్యుల అనువ్యాఖ్యానం, దాని మీద జయతీర్థుల న్యాయసుధ, దాని మీద రాఘవేంద్రుల వ్యాఖ్య పరిమళం. న్యాయసుధ వాదం మీద వాదం పేర్చుకుంటూ పోయే గ్రంథం. ఏ వాక్యం ఎవరికి జవాబో తెలియకపోతే అడుగు ముందుకు పడదు. పరిమళం చేసే పని ఆ ముడులు ఒక్కొక్కటే విప్పడం. విద్యార్థిగా ఉన్నప్పుడే రాత్రిళ్ళు కూర్చుని ఈ వ్యాఖ్య రాసుకునేవాడని, చలిలో తాళపత్రాల పక్కనే నిద్రపోయిన శిష్యుడి మీద సుధీంద్రులు తన శాలువా కప్పి వెళ్ళారని చెప్తారు. పరిమళాచార్యులు అన్న బిరుదు దాని వల్లే. ఇంకా వ్యాసరాయల చంద్రికకు, తర్కతాండవానికి వ్యాఖ్యలు, ఉపనిషత్తులకు ఖండార్థాలు, గీతకు వివృతి, మీమాంస మీద భట్టసంగ్రహం, అన్నీ కలిపి నలభై పైచిలుకు. కన్నడంలో ఆయన పేరు మీద నిలిచింది ఒక్క పాట, ‘ఇందు ఎనగె గోవింద’. మంత్రాలయంలో పరిమళ ప్రసాదం పొట్లం పట్టుకుని బయటికొచ్చే వందమందిలో ఆ పేరు ఒక పుస్తకానిదని తెలిసినవాళ్ళు ఎందరో!

మట్టి, తిథి

బృందావనం అంటే తులసికోట రూపంలో కట్టిన సమాధి. చాలాచోట్ల అడుగున కూర్మం చెక్కిన పీఠం, దాని మీద అంతస్తులుగా పలకలు, పైన మట్టి నింపే గుంట, అందులో తులసి. మిగతా మధ్వ యతుల విషయంలో దేహం చాలించాక కట్టేది ఇది. రాఘవేంద్రులు ప్రాణాలతోనే, జపమాల చేతిలో ఉండగానే లోపల కూర్చున్నారని, మాల కదలిక ఆగాక పైరాయి కప్పారని సంప్రదాయం. అందుకే మఠం వాళ్ళు సమాధి అనరు, సశరీర బృందావన ప్రవేశం అంటారు.

ఆ తులసి మొదట్లో మట్టే మృత్తిక. దాన్ని వేరే ఊరికి తీసుకుపోయి, అక్కడ కట్టిన బృందావనంలో ఉంచి ప్రతిష్ఠిస్తే అది మృత్తికా బృందావనం. కర్నూలు, అనంతపురం, కడప ఊళ్ళలో మనం చూసే రాఘవేంద్ర మఠాలు ఇట్లాంటివే. మూల బృందావనం మంత్రాలయంలో ఒక్కటే. ఇంట్లో మృత్తిక ఉంచుకునేవాళ్ళు తడి తగలని డబ్బాలో పెట్టుకోవాలి, కుంకుమ భరిణెలో కలిపేస్తే కొన్నాళ్ళకు ఏది ఏదో తెలియదు.

ఆరాధన మూడు రోజులు. శ్రావణ బహుళ పాడ్యమి పూర్వారాధన, విదియ మధ్యారాధన, తదియ ఉత్తరారాధన. బృందావన ప్రవేశం తిథి విదియ, మహారథం కదిలేది తదియ నాడు. తిరుమల నుంచి శేషవస్త్రం వచ్చేదీ ఈ రోజుల్లోనే. తేదీ గుర్తుపెట్టుకోవడానికి తేలిక లెక్క, రాఖీ పౌర్ణమి దాటిన మర్నాడు మొదలు. 2024లో పౌర్ణమి ఆగస్టు 19, మధ్యారాధన 21. 2025లో పౌర్ణమి 9, మధ్యారాధన 11. తిథి తగులును బట్టి ఒక్కోసారి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. పోయినేడు ఫలానా తేదీ కదా అని టికెట్లు తీసుకుంటేనే దెబ్బతింటారు. 2023లో శ్రావణాలు రెండొచ్చాయి, అధికం, నిజం. ఆరాధన నిజ శ్రావణంలోనే చేస్తారు కాబట్టి మధ్యారాధన సెప్టెంబరు 1కి పోయింది. క్యాలెండరులో శ్రావణ బహుళ విదియ కనిపించింది కదా అని ఆగస్టు మొదట్లోనే మంత్రాలయం రోడ్ స్టేషన్‌లో దిగి, పదహారు కిలోమీటర్లు ఆటోలో పోయి చూస్తే, స్వామి ఉంటాడు, రథం మాత్రం కదలదు.